ఆదివారం ఐదున్నరకు పోటు

"రాసి పెట్టుకో షఫీ! శాలిబండల నేరం చేసి నా కండ్ల నుంచి తప్పించుకునెటోడు ఇంకా పుట్టలే. ఒకవేళ పుట్టిండే అనుకో, వాడు పాలు తాగాలె గద? పాల కోసం నా దుకాన్‌కే రావాలె గద? వచ్చినప్పుడు ముఖం చూస్త. ఒక్క చూపు! గంతే, కేసు ఖతం!"

ఈ చారిత్రక ప్రకటన చేస్తున్నప్పుడు డిటెక్టివ్ బాలనర్సింహ కుడిచేతిలో భూతద్దం, ఎడమచేతిలో పెరుగు గరిటె ఉన్నాయి. ఆవేశంలో చేతులు తారుమారై భూతద్దాన్ని పెరుగు గిన్నెలో ముంచి, గరిటెను కంటికి ఆనించుకున్నాడు. ఎదురుగా నిచ్చెన మీద నిలబడి బోర్డుకు రంగు పూస్తున్న షఫీఉద్దీన్ అది చూసి కూడా నవ్వలేదు. నలభై ఏళ్ళ స్నేహంలో ఇంతకన్నా ఘోరాలు చూశాడు పాపం.

ఆ బోర్డు మీద ఇలా ఉంది: 'డిటెక్టివ్ బాలనర్సింహ. ఇచ్చట రహస్యములు ఛేదించబడును. చిక్కటి పాలు, పెరుగు కూడా దొరుకును.'

రాసింది షఫీయే. శాలిబండ సందుల్లో చేత్తో రాసిన బోర్డు ఎక్కడ కనబడినా అది షఫీ రాతే. ప్రతి అక్షరానికీ తలకట్టు చివర చిన్న కొక్కెం తిప్పుతాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆయన పనిని సగానికి సగం మింగేశాయి గానీ, ఆ కొక్కెం మాత్రం ఇంకా పాత గోడల మీద, పాత షట్టర్ల మీద వేలాడుతూనే ఉంది.

బాలనర్సింహ మేధస్సుకు హైదరాబాద్ చాలదని బాలనర్సింహ నమ్మకం. ఆ మేధస్సుతో కనీసం పాలు పొంగకుండా చూసుకుంటే చాలని భార్య ఆండాలు నమ్మకం. ఇప్పటికి ఆయన ఛేదించిన కేసులు రెండు. మొదటిది తన చెప్పుల దొంగతనం. రెండు రోజుల దర్యాప్తు తర్వాత చెప్పులు తన కాళ్ళకే దొరికాయి. రెండోది తప్పిపోయిన మేక. ఆ మేక మూడు వీధులు ఆయన వెనకే తిరిగి, ఆయన ఆధారాలు రాసుకున్న నోటు పుస్తకం తినేసి, తనంతట తాను ఇంటికి పోయింది.

మూడో కేసు ఆ బుధవారం పొద్దున అక్తరున్నీసా ఖాలా రూపంలో వచ్చింది. డెబ్బై ఏళ్ళ ఖాలా ఇల్లు షఫీ ఇంటికి ఒక ఇల్లు అవతల.

"నర్సింహా బేటా, నా దుపట్టా పోయింది. అజ్మీర్‌కెళ్ళి తెచ్చుకున్న పచ్చ దుపట్టా."

బాలనర్సింహ భూతద్దం తుడుచుకున్నాడు. "ఎట్ల పోయింది ఖాలా? నడుచుకుంట పోయిందా, ఎగురుకుంట పోయిందా?"

"ఎగురుకుంటనే పోయింది! నిన్న పగటిపూట జొహర్ నమాజు చేసుకోని మిద్దె మెట్లెక్కుతున్న. గాలి లేదు, గీలి లేదు. తీగ మీది దుపట్టా తనంతట తనే లేచి గోడ దుంకి పోయింది. నా కండ్లతోని చూసిన. జిన్నాతో దయ్యమో అని దువా చదువుకుంట కిందికురికిన."

నిచ్చెన మీద షఫీ కుంచె ఆగిపోయింది.

"మా పసుపు తువ్వాల గూడ పోయింది," అని లోపలి నుంచి ఆండాలు అరిచింది. "మూలింటోళ్ళ లుంగీ గూడ పోయిందట. నీకు ఎన్నిసార్లు చెప్పిన? ఇంట్ల మాట వింటే గద!"

"తువ్వాల, లుంగీ, దుపట్టా..." బాలనర్సింహ కళ్ళు మూసుకున్నాడు. "షఫీ, ఇవన్నీ కలిపితే ఏమైతది?"

"ఉతికే బట్టలైతయి," అన్నాడు షఫీ.

"తాడైతది! మనిషిని కట్టేసే తాడు!"

అప్పుడు అక్తరున్నీసా ఖాలా కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసింది. "దుపట్టా ఉన్న జాగల తీగకు గిది గుచ్చుకోని ఉండె."

బాలనర్సింహ చీటీ అందుకుని గొంతు సవరించుకుని చదివాడు.

"ఆదివారం వేట. పొద్దున ఐదున్నరకు పోటు. పండుగప్పను పోటు మీదనే కొట్టాలె. ఎండెక్కితే మడల దాక్కుంటడు. ఎర బతికుండాలె. సీసం గుండ్లు ఆరు. నోట్లె గుచ్చుకోంగనే ఒక్క గుంజు గుంజాలె."

దుకాణంలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఎవరూ కదల్లేదు.

"హత్య!" అన్నాడు బాలనర్సింహ, ఆనందం పట్టలేక. "షఫీ, హత్యరా! పండుగప్ప అనే ఒక అమాయకుని మీద ఆదివారం పొద్దున ఐదున్నరకు కత్తిపోటు! అది తప్పితే ఆరు గుండ్లు! మజ్జెల ఎవరినో ఎరగ పెట్టిన్రు. అయ్యో పండుగప్పా, నువ్వెక్కడున్నవో గని!"

షఫీ నిచ్చెన మీద ఇంకో మెట్టు పైకి ఎక్కాడు. ఎందుకంటే ఆ చీటీ రాసింది షఫీయే.

ఇక్కడ అసలు సంగతి చెప్పేయాలి. షఫీకి నుజహత్‌తో నిఖా అయ్యి ముప్పై ఒక్క ఏళ్ళు. పెళ్ళైన మూడో రోజున, కొత్త పెళ్ళాం ముందు గొప్పగా ఉంటుందని, పెళ్ళికి ముందు రెండేళ్ళు కాకినాడలో పడవలకు పేర్లు రాశాననీ, అక్కడ సముద్రంలో ఒక్కడే పన్నెండు కిలోల పండుగప్పను గేలంతో పట్టాననీ చెప్పాడు. నిజానికి ఆ రెండేళ్ళూ సూర్యాపేటలో లారీల వెనక రాతలు రాశాడు. సముద్రాన్ని ఈ జన్మలో చూడలేదు. పండుగప్ప అనే మాట ఒక లారీ డ్రైవర్ నోట విన్నాడు, అంతే. కానీ నుజహత్ ఆ కథను ప్రతి పెళ్ళిలో, ప్రతి దావత్‌లో, బిర్యానీ ప్లేట్ల మధ్య కూర్చుని ఎంతో గర్వంగా చెప్పేది. ఏడాదికేడాది షఫీ నోట చేప పెరుగుతూ పెరుగుతూ నలభై కిలోలకు చేరింది.

ఇప్పుడు కొడుకు రాహిల్ అమ్మానాన్నలకు బహుమతిగా కాకినాడ అఖాతంలో గైడుతో సహా గేలం వేట యాత్ర బుక్ చేశాడు. శుక్రవారం సాయంత్రం రైలు. ఆదివారం తెల్లవారుజామున పడవ. "అబ్బాజాన్, నీ పండుగప్ప పట్టే స్టయిల్ వీడియో తీస్త," అన్నాడు రాహిల్. నుజహత్ అయితే చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఆదివారం పొద్దున పడవలో షఫీకి గేలం పట్టుకోవడం రాదని తేలితే, ముప్పై ఒక్క ఏళ్ళ పరువు ఉప్పునీళ్ళలో కలిసిపోతుంది. దానికన్నా ఘోరం, నుజహత్ ముఖం ఎలా మారుతుందో ఆలోచిస్తేనే షఫీకి అన్నం దిగడం లేదు.

అందుకని రహస్యంగా గైడు నందుకు ఫోన్ చేశాడు. నందు కాకినాడ మనిషి, మర్యాదస్తుడు.

"చూడండి షఫీ గారూ, ఎండలకి నీళ్ళు కాగిపోతన్నాయండి. పదైతే చాలు, దక్షిణం గాలి లేచి అల ముదిరిపోద్ది. అందుకని పొద్దున్నే పోవాలండి. ఆదివారం ఐదున్నరకి పోటండి."

"పోటంటే?"

"సముద్రం నీరు లోపలికి ఎగదన్నడమండి. దిగిపోతే పాటండి. పండుగప్పగాడు పోటు మీదే మేతకొస్తాడండి. ఎండెక్కితే మడ చెట్ల నీడకి పోయి దాక్కుంటాడు, ఇక దొరకడు. పెద్ద బోట్లకి ఎండాకాలం వేట నిషేధమండి, మనది తెడ్డు నావ. బతికున్న రొయ్య ఎర నేను తెస్తాను. మీరు దారానికి సీసం గుండ్లు ఓ ఆరు తెచ్చుకోండి."

షఫీ అదంతా చీటీ మీద రాసుకున్నాడు. బేగంబజార్‌లో ఒక గేలం కర్ర కొన్నాడు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, శాలిబండ మొత్తం తలుపులు మూసుకుని పడుకున్న వేళ, మిద్దె ఎక్కి ఇళ్ళ మీదుగా గేలం విసరడం నేర్చుకోసాగాడు. సముద్రం లేదు గనక గేలం తువ్వాలను పట్టింది, లుంగీని పట్టింది. మంగళవారం పక్కనున్న చీటీని గుచ్చుకుని ఎగిరిపోయి, దాన్ని ఖాలా తీగకు అప్పగించి, బదులుగా పచ్చ దుపట్టాను తెచ్చింది. అన్నీ రంగుల పెట్టెలో దాచాడు. తిరిగి ఇద్దామంటే ఏమని చెప్పి ఇవ్వాలో తోచలేదు.

"రాత చూడు షఫీ, రాత!" బాలనర్సింహ తన బోర్డు కిందనే నిలబడి చీటీని భూతద్దంలో చూస్తున్నాడు. "ఈ తలకట్టు చివర కొక్కెం ఉంది. చూసినవా? క్రూరుడు రాసిన రాత. గిట్లాంటి రాత నేను జిందగీల ఎక్కడ చూడలే!"

ఆయన నెత్తికి అడుగు ఎత్తులో, కొత్త రంగు ఇంకా ఆరని బోర్డు మీద ఇరవై కొక్కాలు నిగనిగలాడుతున్నాయి.

"నేను గూడ చూడలే," అన్నాడు షఫీ, కుంచెను వీపు వెనక దాచుకుంటూ.

"ఫికర్ చెయ్యకు. నువ్వే నా అసిస్టెంట్. ముందు పండుగప్పను దొర్కవట్టాలె. పేరు చూస్తే కర్ణాటక తరఫోడు లెక్క ఉన్నడు. యాపారం చేసెటోడై ఉంటడు. రేపు బేగంబజార్ పోదాం!"

మర్నాడు బేగంబజార్‌కు షేర్ ఆటోలో బాలనర్సింహ మారువేషంలో వచ్చాడు. మారువేషం అంటే, అసలు మీసం మీద నకిలీ మీసం. ఉక్కపోతకు పై మీసం జారి కింది పెదవి మీదికి వచ్చింది. ఆటోలో ఒక పెద్దాయన దాన్ని చూసి, కాసేపు ఆలోచించి, మర్యాదగా రోడ్డు వైపు తిరిగాడు.

ఇత్తడి గిన్నెలు, ఎండు మిరపకాయల బస్తాలు, తోపుడు బండ్లు దాటుకుంటూ పోయి, బాలనర్సింహ ఒక హమాలీని ఆపాడు.

"భయ్యా, గీడ పండుగప్ప ఎక్కడ?"

హమాలీ నెత్తిమీది బస్తా దించకుండానే చెప్పాడు. "పండుగప్పనా? మచ్చీ మార్కెట్ల చూడున్రి సాబ్. పొద్దుగాల్నే లారీలకెళ్ళి దించిన్రు. ఐసు మీద పండబెట్టిన్రు."

బాలనర్సింహ జారిన మీసాన్ని పట్టుకున్నాడు. "ఐ... ఐసు మీదనా?"

"మరి? గీ ఎండకు ఐసు లేకపోతే వాసన రాదా?"

"ఎవరు చేసిన్రు భయ్యా గీ పని?"

"ఎవరేంది, రోజూ చేసేదే గద. జల్దీ పోన్రి. గీ పాటికి ముక్కలు గూడ కొట్టి ఉంటరు. తలకాయ కావాల్నంటే ముందే చెప్పాలె. పులుసుకు మస్తుంటదని ఎగబడతరు!"

డిటెక్టివ్ బాలనర్సింహ మిరపకాయల బస్తా మీద కూలబడ్డాడు. రెండు మీసాలూ ఒకేసారి వణికాయి. "పులుసా? షఫీ, మనం లేటైనం. ఆదివారం అని రాసి గురువారమే చంపేసిన్రు. దుర్మార్గులు, చీటీ మీద గూడ నిజం రాయలే!" తర్వాత గొంతు తగ్గించాడు. "శవాన్ని గుర్తుపట్టాలె. నువ్వు పో. నాకు నెత్తురంటే భయం లేదు. ఊకెనే కండ్లు తిరుగుతయి. నేను గీడ పహరా ఉంట."

షఫీకి అంతకన్నా కావలసింది లేదు. ఒంటరిగా చేపల మార్కెట్‌లోకి నడిచాడు. ఐసు నీళ్ళు చెప్పుల్లోకి వస్తున్నాయి. ఇంద్రజ అనే చేపలామె తట్ట ముందు ఆగి అడిగాడు.

"అమ్మా, పండుగప్ప ఉందా?"

"నీ ముంగటనే ఉంది గదన్నా."

షఫీ చూశాడు. వెండిలా మెరిసే పొలుసులు, వంపు తిరిగిన వీపు, పెద్ద నోరు. కన్ను బంగారు రంగులో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా తన గొప్పలు మోస్తున్న చేపను షఫీ మొదటిసారి ముఖాముఖి కలుసుకున్నాడు. ఎందుకో సిగ్గేసింది. చేప కూడా ఆయన్ని గుర్తుపట్టినట్టే చూస్తోంది.

"ఎన్ని కిలోలు?"

"ఆరు."

ఆరు కిలోలదే ఆయన చేతి పొడవుంది. "నలభై కిలోలది ఉంటదా?"

"ఉంటదట సముద్రంల. గని గంత పెద్దది నావల ఒక్కనితోని అయితదా? మనిషినే నీళ్ళల్లకు గుంజుకపోతది. ఎవడన్న ఒక్కడే పట్టిన అన్నడంటే, కోతలు అన్నా."

షఫీ తల దించుకుని బయటికి వచ్చాడు. మిరపకాయల ఘాటుకు బాలనర్సింహ వరసగా పదకొండోసారి తుమ్ముతున్నాడు.

"చెప్పు! ఎవరి శవం?"

"ఆయన కాదు."

"అంటే పండుగప్ప బతికే ఉన్నడు!" అని బాలనర్సింహ ఎగిరి లేచి షఫీని కావలించుకున్నాడు. ఆ ఊపులో నకిలీ మీసం ఊడి షఫీ భుజానికి అంటుకుంది. "ఇంకా టైముంది షఫీ! ఆయన పిల్లలు అనాథలు గారు. నేను ఉండంగ గానియ్య!"

ఎవరో తెలియని, అసలు లేనే లేని ఒక మనిషి కోసం బాలనర్సింహ కళ్ళలో నిజంగా నీళ్ళున్నాయి. అవి సగం మిరపకాయల వల్ల వచ్చినవే అయినా, షఫీకి ఆ క్షణంలో తన మీద తనకే మహా కోపం వచ్చింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. మళ్ళీ నుజహత్ గుర్తొచ్చి మూసుకున్నాడు.

శుక్రవారం. జుమ్మా నమాజు అయింది, భోజనాలు అయ్యాయి. శాలిబండ మొత్తం కూలర్ల ముందు గుర్రు పెడుతోంది. సాయంత్రం రైలు. నుజహత్ కింద సంచులు సర్దుతోంది.

బాలనర్సింహ వ్యూహం సిద్ధమైంది. "దొంగ మిద్దెల మీదికెళ్ళే వస్తుండు. నేను ఖాలా మిద్దె మీద ఆరేసిన దుప్పట్ల మజ్జెల దాక్కుంట. నువ్వు నీ మిద్దె మీద కావలి ఉండు. ఎవడన్న అనుమానంగ కనిపిస్తే పట్టుకో."

"నా మిద్దె మీద నేను తప్ప ఇంకెవరుంటరు?"

"గదే! ఎవరూ ఉండరనే జాగలనే నేరస్థుడు ఉంటడు!"

ఈ ఒక్క మాట మాత్రం అక్షరాలా నిజం. చెప్పినాయనకు తెలియదు గానీ.

పావుగంట గడిచింది. మిద్దె గచ్చు పెనంలా కాలుతోంది. ఖాలా మిద్దె మీద తెల్ల దుప్పటి ఒకటి మొదట అటూ ఇటూ కదిలింది, తర్వాత మెల్లగా కిందికి కుంగింది, తర్వాత అందులోంచి సన్నగా గురక మొదలైంది. పహరా కాస్తున్న డిటెక్టివ్ నిద్రపోయాడు.

షఫీ మనసు లాగింది. గేలం విసరడం ఇంకా సరిగ్గా రాలేదు. ఇదే ఆఖరి అవకాశం. ఒక్కసారి. ఒకే ఒక్కసారి విసిరి, దారం నేరుగా పోతే చాలు, ఆదివారం పరువు నిలబడుతుంది. నీళ్ళ ట్యాంకు వెనక దాచిన కర్ర తీశాడు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, కర్రను భుజం వెనక్కి తీసుకుపోయి, బిస్మిల్లా అనుకుని విసిరాడు.

ఎంత అందంగా పోయిందని! సీసం గుండు ఎండలో తళుక్కుమంటూ మధ్య ఇంటి మిద్దె దాటి, గోడ దాటి, చక్కగా వంపు తిరిగి, తెల్ల దుప్పటి మీద మెత్తగా వాలింది. షఫీ ఉప్పొంగిపోయాడు. దారం చుట్టసాగాడు. కొంచెం వచ్చి ఆగింది. మళ్ళీ లాగాడు. అవతల ఏదో బరువు. నందు చెప్పింది చెవిలో మోగింది. గుచ్చుకోగానే ఒక్క గుంజు.

షఫీ ఒక్క గుంజు గుంజాడు.

"పోటు!" అని కేక. "పోటు పొడిచిన్రో! అమ్మో, ఆండాలూ!"

తెల్ల దుప్పటి గాల్లోకి లేచింది. దాని కింద సఫారీ సూటులో ఉన్న బాలనర్సింహ కూడా లేచాడు. గేలం సరిగ్గా బాలనర్సింహ ప్యాంటు వెనక, తోలు బెల్టు దగ్గర పట్టింది. ఆయన ముందుకు ఉరికితే దారం వెనక్కి గుంజింది, వెనక్కి తిరిగితే దుప్పటి కాళ్ళకు చుట్టుకుంది. షఫీ కర్ర వదిలేద్దామంటే భయం, పట్టుకుందామంటే భయం. కర్ర విల్లులా వంగింది. ఖాలా మిద్దె మీద తొంభై కిలోల డిటెక్టివ్ గిలగిల కొట్టుకున్నాడు.

"పండుగప్ప కోసం వచ్చి నన్ను పొడిచిన్రో!"

క్షణాల్లో మిద్దెలన్నీ నిండిపోయాయి. అక్తరున్నీసా ఖాలా జపమాలతో వచ్చింది, ఆండాలు అట్లకాడతో వచ్చింది. రాహిల్ ఫోన్‌లో వీడియో తీస్తూ వచ్చాడు. అందరికన్నా ఆఖరున నుజహత్ మెట్లెక్కి, షఫీ పక్కన నిలబడింది. చేతిలో కర్ర చూసింది. బిగుసుకున్న దారాన్ని చూసింది. దారం వెంట చూపు పోనిచ్చి, అవతల మిద్దె మీది బాలనర్సింహను చూసింది.

అక్కడ ఆండాలు గేలం ఊడదీస్తోంది. "చర్మానికి తాకనే లేదు, ఊకె మొత్తుకోకు!" బాలనర్సింహ ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చెయ్యి ఆకాశంలోకి ఎత్తాడు. ఆ గేలాన్ని చూశాడు, దారాన్ని చూశాడు, దాని చివర ఉన్న స్నేహితుణ్ణి చూశాడు. దుపట్టా ఎలా ఎగిరిందో ఆయన బుర్రకు కూడా అందింది.

"దొంగ దొరికిండు!" అని గర్జించాడు. "నా ప్లాన్ ఇదే! ఎరగ నన్ను నేనే పెట్టుకున్న!"

ఇక దాచడానికి ఏముంది. షఫీ రంగుల పెట్టె తెరిచి దుపట్టా, తువ్వాల, లుంగీ తీసి గోడ మీద పెట్టాడు. అందరి ముందూ చెప్పేశాడు. పోటంటే కత్తిపోటు కాదు, సముద్రం పొంగు. పండుగప్ప మనిషి కాదు, చేప. సీసం గుండ్లు దారానికి కట్టే బరువులు. అన్నీ చెప్పి, నుజహత్ వైపు తిరిగాడు. ఆమె ముఖంలోకి చూడలేక ఆమె చెప్పుల్ని చూస్తూ మాట్లాడాడు.

"నాకు గేలం పట్టరాదు. నేను కాకినాడ పోనే లేదు. సముద్రం చూడలే. చేపను పట్టలే. అంత ఝూట్. నన్ను మాఫ్ చెయ్యి."

రాహిల్ ఫోన్ దించేశాడు.

"నాకు ఎరుకే," అంది నుజహత్.

"ఏంది?"

"నువ్వు ఆ కథ చెప్పిన దినమే ఎరుక. సూర్యాపేటల మా మామూ లారీ ఎన్క నెమలి బొమ్మేసి, కింద పేరు, తారీఖు రాసినవ్ గద. నికాహ్‌నామా మీద నీ సంతకం చూడంగనే గుర్తువట్టిన. రెండిట్ల తలకట్టుకు ఒక్కతీరు కొక్కెమే. కాకినాడల ఉన్న అన్న రెండేండ్లు నువ్వు సూర్యాపేటల ఉన్నవ్."

అవతల మిద్దె మీద బాలనర్సింహ జేబులోంచి చీటీ తీసి, కొక్కెం చూసి, ఒక్కసారి కిందికి వంగి వీధిలో తన బోర్డు చూశాడు. మళ్ళీ చీటీ చూశాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి గిన్నేండ్లు అందరికీ ఎందుకు చెప్పినవ్?" అన్నాడు షఫీ.

నుజహత్ కొంగుతో ఆయన ముఖం మీది చెమట తుడిచింది. "నిఖా అప్పుడు చేప పన్నెండు కిలోలుండె. ఫ్లెక్సీలు వచ్చిన ఏడు ఇరవై అయింది. నువ్వు దుకాన్ మూసేసిన ఏడు ముప్పై. కరోనాల ఏడాదంత ఒక్క బోర్డు రాయలే నువ్వు. అప్పుడు నలభై అన్నవ్. నీ పని తగ్గినప్పుడల్ల చేప పెరుగుతుండె. నాకు అర్థం గాదా? పెరగనియ్ అనుకున్న. అది గూడ తగ్గితే నువ్వు తట్టుకోవని."

షఫీ ముఖం తిప్పుకుని నీళ్ళ ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు. ట్యాంకులో చూడాల్సిందేమీ లేదు.

"దుపట్టాకు తూటు పడ్డది," అంది అక్తరున్నీసా ఖాలా, ముక్కు చీదుకుంటూ. "పోనియ్. నాకు కాకినాడకెళ్ళి ఎండు రొయ్యలు తే, మాఫ్ చేస్త."

"రైలుకు టైమైతుంది, నడువున్రి," అంది నుజహత్.

బాలనర్సింహ కూడా బయల్దేరాడు. పండుగప్పను స్వయంగా కళ్ళతో చూసేదాకా కేసు మూయలేనన్నాడు. ఆదివారం తెల్లవారుజామున నందు తెడ్డు నావలో ఐదుగురూ కూర్చున్నారు. సూర్యుడు ఇంకా పూర్తిగా రాలేదు. షఫీ జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూశాడు. గొప్పలు చెప్పడానికి మాటలు వెతికాడు, దొరకలేదు. నోరు తెరిచి ఊరికే చూశాడు.

"పోటొచ్చిందండీ! వెయ్యండి!" అన్నాడు నందు.

షఫీ గేలం అందంగానే విసిరాడు, కానీ దానికేమీ పడలేదు. పడింది నుజహత్ గేలానికి. "గుంజు! ఒక్క గుంజు!" అని షఫీ కేకలు పెట్టాడు. ఆమె గుంజింది, షఫీ ఆమె నడుం పట్టుకున్నాడు, రాహిల్ షఫీని పట్టుకున్నాడు, బాలనర్సింహ కళ్ళు మూసుకుని పడవను పట్టుకున్నాడు. రెండున్నర కిలోల పండుగప్ప పడవలో పడి తోక కొట్టింది.

బాలనర్సింహ భూతద్దం పెట్టి దాన్ని తల నుంచి తోక దాకా పరిశీలించాడు.

"ఈయనేనా పండుగప్ప?"

"ఆయనేనండి," అన్నాడు నందు.

డిటెక్టివ్ చేతులు జోడించాడు. "అన్నా, నన్ను మాఫ్ చెయ్యి. నాలుగు దినాలు తిరిగిన గని, నిన్ను కాపాడలేకపోయిన."

నెల తిరక్కుండానే చాంద్రాయణగుట్టలో ఒక పెళ్ళి దావత్. బిర్యానీ ప్లేట్ల మధ్య ఒక చుట్టమాయన అడిగాడు. "షఫీ భాయ్, కాకినాడ పోయొచ్చిన్రట గద? ఎన్ని కిలోల చేప దొరికింది?"

షఫీకి ఇప్పుడు అబద్ధం అవసరం లేదు. ధైర్యంగా గొంతు సవరించుకున్నాడు. "రెండున్న..."

"నలభై రెండున్నర!" అంది నుజహత్. "గుంజింది నేను."

"నేను సాక్షి!" అని పక్క బల్ల నుంచి బాలనర్సింహ లేచి నిలబడ్డాడు.

షఫీ నోరు మూసుకుని, చేప ఎంత పొడవుందో చూపించడానికి రెండు చేతులూ బారుగా చాచాడు.